కార్బొరేటర్ విప్పడం తర్వాత, ముందు ట్యాంకు దగ్గరికి రండి

జూన్ 14తో తూర్పు తీరంలో చేపల వేట నిషేధం అయిపోతుంది. 61 రోజులు ఒడ్డున పడున్న పెట్రోల్ అవుట్‌బోర్డ్ మోటార్లు (బోటు వెనక తగిలించేవి) ఆ తర్వాత వారంలో ఎన్ని మొరాయిస్తాయో రేవుల్లో తిరిగేవాళ్ళందరికీ తెలుసు. తాడు లాగితే అంటుకుంటుంది, పది నిమిషాలు బాగానే తిరుగుతుంది, ఆ తర్వాత గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. వెంటనే "కార్బొరేటర్ (పెట్రోల్‌లో గాలి కలిపి ఇంజన్‌కు పంపే భాగం) పోయింది" అనేస్తారు. మెకానిక్ వచ్చీ రాగానే కౌలింగ్ (మోటారు పై డొప్ప) తీసి మిక్చర్ స్క్రూ తిప్పడం మొదలుపెడతాడు. ఈ పద్ధతి తప్పని గట్టిగానే చెప్తున్నా. (డీజిల్ లాంగ్‌టెయిల్ ఇంజన్ల సంగతి వేరు. నేను చెప్పేది 8, 9.9, 15 హార్స్‌పవర్ కార్బొరేటర్ మోటార్ల గురించి.)

పెట్రోల్ ట్యాంకులో బయల్దేరి సిలిండర్ దాకా ఏ దారిన వెళ్తుందో, వెతకడం కూడా ఆ వరసలోనే వెతకాలి. ట్యాంకు మూత, లోపలి పీల్చే గొట్టం, దాని చివర జల్లెడ, పైపు, బల్బు (చేత్తో నొక్కి పెట్రోల్ ఎక్కించే రబ్బరు బుడ్డి), కనెక్టర్, ఫిల్టర్, పంపు, ఆఖర్న కార్బొరేటర్. ముందున్న వాటిని చూడ్డానికి పైసా ఖర్చు లేదు. కార్బొరేటర్ విప్పితే మాత్రం గాస్కెట్ చిరుగుతుంది, ఇత్తడి జెట్ల (పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రాల మరల) తల అరుగుతుంది, కుదురుగా ఉన్న సెట్టింగ్ పోతుంది.

అన్నిటికంటే ముందు మూత మీద గాలి స్క్రూ చూడండి. అది బిగించి ఉంటే పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి చాలక పంపు లాగలేదు. కొద్దిసేపు తిరిగి ఆగే మోటారుకు మొదటి అనుమానం ఇదే. ఆగిన వెంటనే మూత వదులు చేయండి. "సుయ్" మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే.

తర్వాత బల్బు. చేతిలో ఇంత మంచి పరీక్ష పరికరం పెట్టుకుని దాన్ని పెట్రోల్ ఎక్కించడానికి మాత్రమే వాడతాం. బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకోండి, లోపలి వాల్వులు సరిగా కూర్చుంటాయి. నాలుగైదు నొక్కులకు గట్టిపడాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే బల్బు వాల్వు పోయిందో, ట్యాంకు వైపు గాలి లాగుతోందో, లేదంటే ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్ నిండగానే పెట్రోల్ ఆపే సూది) మూసుకోక కార్బొరేటర్ పొంగుతోందో చూడాలి. పొంగుతుంటే కౌలింగ్ కింద పెట్రోల్ కారుతూ కనిపిస్తుంది. మోటారు తిరుగుతుండగా బల్బు కాస్త మెత్తబడటం మామూలే. కానీ రెండు వైపులా అతుక్కుపోయినట్టు చప్పబడిందంటే అడ్డు ట్యాంకుకీ బల్బుకీ మధ్యలోనే ఉంది. ఆగిపోబోతున్నప్పుడు బల్బు నొక్కుతూ ఉంటే మళ్ళీ పుంజుకుందా? అయితే పంపు డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) బలహీనపడింది, లేదా దారిలో ఎక్కడో గాలి లాగుతోంది. బల్బు రాయిలా ఉన్నా మోటారు అంటుకోక, ప్లగ్గు పొడిగా వస్తుంటే అప్పుడు ఫిల్టర్, నీడిల్, జెట్ల వంతు.

గాలి లీకు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. "ఎక్కడా పెట్రోల్ కారట్లేదు, ఇంక లీకెక్కడిది?" అంటారు. ట్యాంకు నుంచి బల్బు దాకా పైపులో ఉండేది లాగుడే గానీ తోపుడు కాదు. చిల్లి ఉంటే పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైపులో ఒక జానెడు పారదర్శకమైన పెట్రోల్ ట్యూబ్ ముక్క కలిపి చూడండి, బుడగలు కళ్ళకు కనిపిస్తాయి. బల్బు నుంచి మోటారు వైపు ఉన్న జాయింట్లకైతే బల్బు గట్టిగా నొక్కిపట్టి వేలితో తడి చూస్తే చాలు. కనెక్టర్‌లోని ఓ-రింగు అరిగినా, కనెక్టర్ సగమే కూర్చున్నా ఇదే గోల. ఇవన్నీ ఒక్కసారిగా తేల్చాలంటే అదే కంపెనీ మోటారున్న పక్క బోటు ట్యాంకు, పైపు అడిగి తగిలించండి. దాంతో చక్కగా తిరిగితే మీ మోటారును ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు పెట్రోల్ సంగతి. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. సముద్రపు తేమలో సగం ఖాళీ ట్యాంకు రెండు నెలలుంటే నీరు మోతాదు మించి, ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగొచ్చు. పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. టూ-స్ట్రోక్ మోటార్ల వాళ్ళకు ఇది ఇంకా ప్రమాదం, పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ ఆ అడుగు పొరలో దాదాపు ఉండదు. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి కదలకుండా ఉంచండి. మధ్యలో గీత కనిపిస్తే ఆ పెట్రోల్ మొత్తం పక్కన పెట్టాల్సిందే. గరాటులో గుడ్డ వేసి వడకడితే చెత్త ఆగుతుంది గానీ నీరు ఆగదు.

పాత రబ్బరు పైపులనూ ఇథనాల్ తినేస్తుంది. బయటికి నిగనిగలాడుతున్నా లోపలి పొర ఊడి, లాగినప్పుడల్లా దారికి అడ్డం పడుతుంది. దయచేసి నీళ్ళ పైపు ముక్కలు, బైండింగ్ వైరు కట్లు మానండి. ఇథనాల్‌కు తట్టుకునే పెట్రోల్ పైపు, స్టీలు క్లాంపులు వాడండి.

ఇంత చూశాక కూడా తేలకపోతే కార్బొరేటర్. అప్పుడైనా ముందు బౌల్ (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) కింద డ్రెయిన్ స్క్రూ విప్పి సీసాలోకి పట్టండి. నీటి బొట్లు, పచ్చటి జిగురు అక్కడే కనిపిస్తాయి. స్లోలో ఆగిపోయి రేజ్ చేస్తే బాగుంటే పైలట్ జెట్. రేజ్ చేస్తే గుటకలు మింగితే మెయిన్ జెట్, పంపు, ఫిల్టర్ మూడూ అనుమానమే. చోక్ లాగితేనే నడుస్తుంటే పెట్రోల్ చాలట్లేదనే అర్థం. జెట్లలో సూదులు, గుండుపిన్నులు దూర్చకండి, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, పట్టుబడితే నైలాన్ పోగు చాలు.

"ఎలాగోలా నడుస్తోందిగా, చోక్ మీద తీసుకుపోదాం" అనే మాట వింటే భయమేస్తుంది. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ వెళ్ళేది పెట్రోల్‌తోనే. పెట్రోల్ 50 పాళ్ళకు ఆయిల్ 1 పాలు అంటే లీటరుకు 20 మి.లీ. పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. ఫోర్-స్ట్రోక్‌లో పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లో కలవొచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తే ఇక స్టార్ట్ చేయొద్దు.

ఏప్రిల్ 15న మోటారు దించేటప్పుడే మోటారు కింది భాగం నీళ్ళ డ్రమ్ములో పెట్టి, పైపు ఊడదీసి, స్లోలో ఆగేదాకా తిప్పండి. బౌల్‌లో మిగిలింది డ్రెయిన్ చేయండి. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి. నీళ్ళు లేకుండా ఒడ్డు మీద తిప్పితే ఇంపెల్లర్ (చల్లబరిచే నీళ్ళు తోడే రబ్బరు చక్రం) కాలిపోతుంది, అది ఇంకో ఖర్చు. వేటకెళ్ళేటప్పుడు బోటులో ఒక బల్బు, ఒక ఫిల్టర్, రెండు ప్లగ్గులు, ఓ-రింగులు, నాలుగు క్లాంపులు, మూరెడు పెట్రోల్ పైపు తడవని డబ్బాలో ఉంచండి.