సమూయేలు పేరుకు హన్నా చెప్పిన అర్థమే అసలైనది

బైబిల్లోని ప్రవక్త సమూయేలు పేరుకు అర్థం ఏమిటని నెట్‌లో వెతికితే తరచూ కనిపించే జవాబు 'దేవుడు ఆలకించాడు'. హీబ్రూ అక్షరాలు దీనికి ఒప్పుకోవు. వినడం అనే మాటలో 'అయిన్' అనే అక్షరం ఉంటుంది. అబ్రాహాము కొడుకు ఇష్మాయేలు పేరులో అది ఉంది, కాబట్టి ఆ అర్థం అతనికి చెల్లుతుంది. సమూయేలులో అది లేదు. 'దేవుని పేరు' లేదా 'ఆయన పేరు ఏల్ (దేవుడు)' అన్నదే భాషాపరంగా కుదిరే అర్థం.

కానీ తల్లి హన్నా ఈ రెండూ చెప్పలేదు. బైబిల్లో మొదటి సమూయేలు గ్రంథం 1:20 చూడండి. యెహోవాను అడిగి కన్నాను కాబట్టి ఈ పేరు పెట్టానంది. అడగడానికి హీబ్రూ మాట 'షాఅల్'. దానికి సరిపోయే పేరు ఇశ్రాయేలు మొదటి రాజు సౌలుది, హీబ్రూలో 'షాఊల్'. 28వ వచనంలో బిడ్డను దేవుడికి అప్పగిస్తూ ఆమె వాడిన మాట అచ్చంగా సౌలు రాజు పేరే. అందుకే ఇది మొదట సౌలు పుట్టుక కథ అని, తర్వాత సమూయేలుకు మార్చారని కొందరు పండితులంటారు. కథ ఎక్కడిదైనా కావచ్చు, హన్నా మాటను పొరపాటని కొట్టేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

పిల్లలు లేరని హన్నాను సవతి పెనిన్నా ఏటా దెప్పేది. పదిమంది కొడుకుల కంటే నేను ఎక్కువ కాదా అని సర్దిచెప్పాడు భర్త ఎల్కానా. షిలోహు మందిరంలో కొడుకు కోసం ప్రార్థిస్తున్న ఆమె పెదవులు కదులుతున్నా గొంతు వినబడకపోతే, తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడు ఏలీ. ఆ రోజు ఆమె అడిగింది ఒక్క మనిషికీ వినబడలేదు. అందుకే కొడుకును పిలిచిన ప్రతిసారీ అది అందరికీ వినబడేలా చేసింది. వ్యాకరణం ఒప్పుకోకపోయినా సరే, కన్నతల్లి ఇచ్చిన అర్థం అది.

అసలు పేరు పెట్టే హక్కు ఎవరిది? యాకోబు భార్యలు లేయా, రాహేలు తమ కష్టసుఖాలనే పిల్లలకు పేర్లుగా పెట్టారు. కాన్పులో ప్రాణం పోతూ రాహేలు బిడ్డను బెనోని, అంటే 'నా దుఃఖపు కొడుకు' అంది. యాకోబు దాన్ని బెన్యామీనుగా, అంటే 'కుడిచేతి కొడుకు'గా మార్చేశాడు.

మన దగ్గర ఓ తల్లి ఇదే హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న ఆమె బిడ్డకు చనిపోయిన తండ్రి ఇంటిపేరే ఉంచాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి, నిర్ణయం తల్లిదేనని తేల్చింది. ఇళ్లలో మాత్రం ఇంకా తాత, మేనత్త, పాస్టరు తలా ఒక పేరు చెప్పాకే తల్లి వంతు వస్తోంది.