ఆ 120 గంటల మెసేజ్ నాకు మళ్లీ పంపకండి

మొన్న ఆదివారం ఒక్కరోజే ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. పంపినవాళ్లలో ముగ్గురు నాలాంటి టీచర్లే. ఐదోసారి పంపింది మా తోడికోడలు. కింద "అక్కా, నీకు పనికొస్తుందని" అని కూడా రాసింది. ఆవిడకి ఫోన్లో చెప్పాను. మిగతావాళ్లకి ఇక్కడ చెబుతున్నాను.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ: 120 గంటల టెఫెల్ కోర్సు (ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీష్ చెప్పడంలో శిక్షణ) ఆన్‌లైన్లో చేయండి, అంతర్జాతీయ గుర్తింపు ఉంది, బీఎడ్ అక్కర్లేదు. చైనా, జపాన్ పిల్లలు మీకోసం ఎదురుచూస్తున్నారు. రోజుకు 2 గంటలు చెబితే నెలకు 80 వేలు. యాక్సెంట్ 7 రోజుల్లో మారుస్తాం. ప్రభుత్వ ట్రైనింగులు దండగ. ఏఐ వచ్చి బడి టీచర్ల ఉద్యోగాలు ఊడతాయి, ఇప్పుడే మేల్కోండి. మీ పాఠం మీరే రికార్డు చేసుకుని చూసుకోండి. చివర్న లింకు, 20 మందికి పంపితే సగం ఫీజు.

ఏఐ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. మా క్లాసు గోడకున్న ప్యానెల్ వెలగాలంటే ముందు కరెంటుండాలి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

బీఎడ్ అక్కర్లేదట. ఆన్‌లైన్లో పాఠం చెప్పడానికి అక్కర్లేదు, నిజమే. ఆ సర్టిఫికెట్ చూపించి డీఎస్సీ రాయనిమ్మనండి చూద్దాం.

యాక్సెంటు! మా పిల్లలు ఎగ్‌ని "యెగ్గు" అంటారు, ఓన్లీని "వోన్లీ" అంటారు. ఏళ్ల తరబడి సరిచేస్తున్నా కొందరికి అలాగే ఉండిపోయింది. వాళ్లలో ఒకడు దుబాయ్‌లో హోటల్ రిసెప్షన్‌లో కూర్చుని ప్రపంచం మొత్తంతో మాట్లాడుతున్నాడు. 7 రోజుల్లో మారేది రింగ్‌టోనే.

చైనా పిల్లలు ఎదురుచూస్తున్నారన్న మాట రాసినవాళ్లు పేపరు చదివి చాలా కాలమైనట్టుంది. 2021 జులైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ కంపెనీల మీద విరుచుకుపడింది. విదేశాల్లో కూర్చున్న టీచర్లతో పిల్లలకు పాఠాలు చెప్పించకూడదంది. విప్‌కిడ్ లాంటి పెద్ద కంపెనీయే ఆ ఆగస్టులో అలాంటి క్లాసులు కొత్తగా అమ్మడం ఆపేసింది. అది నడిచిన రోజుల్లో కూడా టీచర్లను తీసుకున్నది అమెరికా, కెనడాల నుంచి. మన అమలాపురం నుంచి కాదు. ఇక జపాన్. అక్కడి ఆన్‌లైన్ ఇంగ్లీష్ కంపెనీ రేర్‌జాబ్ 2007లో మొదలైనప్పటి నుంచీ ప్రధానంగా ఫిలిప్పీన్స్ టీచర్లతోనే నడుస్తోంది. వాళ్లను కాదని మన కోసం ఎదురుచూసే పిల్లాడెవడో నాకూ చూపించండి.

80 వేల లెక్క నేనే వేశాను. ప్రెప్లీ అనే ఆన్‌లైన్ ట్యూషన్ సైట్లో కొత్తగా చేరిన టీచరు గంటకు 5 డాలర్లు పెట్టిందనుకుందాం. మొదట్లో 33 శాతం కమీషన్ వాళ్లది. ప్రతి కొత్త స్టూడెంటు ట్రయల్ క్లాసు డబ్బు మొత్తం వాళ్లదే. డాలరు 85 రూపాయలనుకుంటే గంటకు చేతికొచ్చేది 285. అలా 80 వేలు రావాలంటే నెలకు 281 గంటలు, అంటే సెలవు లేకుండా రోజుకు తొమ్మిది గంటల పైనే. రెండు గంటల్లోనే రావాలంటే గంటకు 23 డాలర్ల పైన పెట్టాలి. రివ్యూ ఒక్కటీ లేని టీచరుకి ఎవరిస్తారండీ అది? సంపాదించేవాళ్లు లేరనను. ఏళ్లపాటు స్టూడెంట్లను నిలబెట్టుకుని బాగానే సంపాదించేవాళ్లున్నారు. వాళ్లెవరూ 20 మందికి ఫార్వర్డ్ చేస్తూ కూర్చోరు.

ఇదంతా నవ్వి వదిలేసేదాన్నే. వదలలేకపోతున్నది ఆ "అంతర్జాతీయ గుర్తింపు" అనే మాట దగ్గర.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీష్ చెబుతుంది. జీతం 11 వేలు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి నరసాపురం వెళ్లి రావాలి. చెవి బుట్టలు తాకట్టు పెట్టి ఇలాంటి కోర్సుకే 14,999 కట్టింది. కోర్సంటే ఏమిటో నాకు చూపించింది. వీడియోలు, పీడీఎఫ్‌లు, ఒక్కో చాప్టరు చివర పది బిట్లు. తప్పయితే మళ్లీ పెట్టొచ్చు, ఒప్పయ్యేదాకా పెట్టొచ్చు. అందులో సగం పంటు మీద నిలబడే టిక్కులు పెట్టానంది. తొమ్మిదో రోజుకి సర్టిఫికెట్ వచ్చేసింది, 120 గంటలు పూర్తి చేసినట్టు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. సరిచేయడానికి 500.

తర్వాత "జాబ్ అసిస్టెన్స్"కి 6,500 అన్నారు. తిరిగి ఇచ్చేస్తామన్నారు. కట్టింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. నా దగ్గరికి వచ్చేసరికి నెల దాటింది. ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సిందని నేనంటే, "ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందని అండి" అంది. ఇంగ్లీష్ టీచరే ఇంగ్లీష్ కోర్సులో మోసపోయిందంటారని.

మన కోనసీమ వాళ్లకి ఇది చెప్పాలా? కువైట్ వీసా అని పొలం అమ్మించిన ఏజెంట్లను చూడని ఊరుందా మనకి? వీసా కాగితం చేతికిస్తే దాని మీద సీలు ఎవరిదో వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకునేవాళ్లం. అదే పీడీఎఫ్ అయ్యేసరికి ఎవరినీ అడగం. కింద ఎన్ని లోగోలున్నాయో లెక్కపెడతాం.

టెఫెల్ అన్నది ఒకరి సొంతం కాదు. ఆ పేరుతో కోర్సు ఎవరైనా పెట్టొచ్చు, దానికి గుర్తింపునిచ్చే సంస్థనీ ఎవరైనా పెట్టుకోవచ్చు. కేంబ్రిడ్జి వాళ్లు ఇంగ్లీష్ టీచర్లకిచ్చే సెల్టా కోర్సులోనూ 120 గంటలే. కానీ అందులో 6 గంటలు నిజమైన స్టూడెంట్లకు మీరు పాఠం చెబుతుంటే ట్రైనర్లు కూర్చుని చూస్తారు. ఎక్కడ తడబడ్డారో రాసిస్తారు. అదిప్పుడు ఆన్‌లైన్లోనూ ఉంది, ఖరీదూ ఎక్కువే. బ్రిటన్ ప్రభుత్వ గుర్తింపు ఉందని చెప్పే కోర్సయితే అక్కడ కోర్సులను నియంత్రించే ఆఫ్‌క్వాల్ సంస్థ రిజిస్టరులో నంబరు కొట్టి చూడొచ్చు. డబ్బు కట్టేముందు ఒక్కటే అడగండి: "నా పాఠం ఎవరు చూస్తారండీ?" జవాబుగా బొటనవేలి బొమ్మ వస్తే నంబరు బ్లాక్ చేయండి.

ప్రభుత్వ ట్రైనింగులు దండగన్నది చదివి ముందు ఒళ్లు మండింది. కేంద్రం నడిపే దీక్ష పోర్టల్లో టీచర్ల ట్రైనింగ్ పాఠాలు, నిష్ఠా మాడ్యూళ్లు, ఉచితం. బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల టీచింగ్ ఇంగ్లీష్ కోర్సులు ఉచితం. కేంద్రానిదే స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లో పాఠం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఇంగ్లీష్ టీచర్లను తయారుచేయడానికే హైదరాబాద్‌లో 1958లో పెట్టిన సంస్థ ఉంది, ఇప్పటి ఇఫ్లూ. ఇన్ని ఉండగా దండగేమిటి అని సగం టైపు చేసి ఆపేశాను. నిష్ఠా వీడియో నేనెలా చూశాను? ఫోన్ కిటికీలో పెట్టి, సౌండు తగ్గించి, పేపర్లు దిద్దుకుంటూ. క్విజ్ జవాబులు అప్పటికే గ్రూపులో తిరుగుతున్నాయి. పంటు మీద టిక్కులు పెట్టిన అమ్మాయికీ నాకూ తేడా 14,999 రూపాయలే.

ఇక ఆ రికార్డింగ్ పాయింటు. అదీ చెత్తేనని చూపిద్దామని మంగళవారం ఎనిమిదో తరగతిలో ఫోన్‌ను డస్టర్‌కి ఆనించి పెట్టాను. పాఠం పాస్ట్ టెన్సు. రాత్రి భోంచేశాక చూశాను. 40 నిమిషాల పీరియడ్‌లో 31 నిమిషాలు నేనే మాట్లాడాను. అందులో ఇంగ్లీష్ ఎంతో చెప్పను. "అర్థమైందా?" అని ఇరవై ఆరుసార్లు అడిగాను. "ఆయ్" అని ఇరవై ఆరుసార్లు అన్నారు. మూడో వరసలో ఒక పిల్ల "ఎస్టర్‌డే ఐ..." అని లేచింది. రెండు సెకన్లు కూడా ఆగకుండా ఆ వాక్యం నేనే పూర్తి చేసేశాను. కాసేపటికి మళ్లీ లేచింది, మళ్లీ నేనే. మూడోసారి లేవలేదు. ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆ పిల్ల నిన్న ఏం చేసిందో నాకిప్పటికీ తెలీదు.

కాబట్టి ఆ ఒక్క పాయింటు మాత్రం కాపీ చేసి ఎవరికైనా పంపుకోండి. కింద లింకు తీసేసి.