జోజప్ప గారి శుక్రవారం

(విజయవాడలో ఓ క్యాథలిక్ ఇల్లు. 2026 డిసెంబరు. కొత్త క్యాలెండర్ తగిలించడానికి జోజి స్టూలెక్కాడు. కింద స్టూలు పట్టుకుని మరియమ్మ.)

జోజి: ముందు ఈస్టర్ ఎప్పుడో చెప్పవే.

మరియమ్మ: మార్చి 28.

జోజి: ఈ ఏడాది ఏప్రిల్ 5న కదా చేశాం! ఎవరు జరిపారు?

మరియమ్మ: చంద్రుడు. మార్చి 21నో, ఆ తర్వాతో వచ్చే మొదటి పున్నమి చూసుకోండి. దాని తర్వాతి ఆదివారం ఈస్టర్. 2027లో ఆ పున్నమి మార్చి 22, సోమవారం. మన హోలీ పున్నమే.

జోజి: పున్నమే ఆదివారం పడితే?

మరియమ్మ: ఆ పై ఆదివారం. ఎంత తొందరగా వచ్చినా మార్చి 22, ఎంత ఆలస్యమైనా ఏప్రిల్ 25. అవతలికి పోదు.

జోజి: అయితే ఈస్టర్ ముందు ఉపవాసాల తపస్కాలం నలభై రోజులు. మార్చి 28 లోంచి నలభై తీస్తే ఫిబ్రవరి 16... తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం మంగళవారం వచ్చిందేంటే?

మరియమ్మ: ఏటా చేసే తప్పే! మధ్యలో ఆరు ఆదివారాలున్నాయి, అవి ఉపవాసం లెక్కలోకి రావు. నలభై ఆరు తీయండి. ఫిబ్రవరి 10.

జోజి: ఓరి దేవుడా! అది గుణదల మాత తిరనాళ్ల నడిమి రోజు! 9, 10, 11. కొండ దిగగానే నా చికెన్ పకోడీ?

మరియమ్మ: 9న తినండి. 10న ఉపవాసం, పైగా మాంసం ముట్టకూడదు.

జోజి: నాకు అరవై ఒకటి. ఉపవాసం పద్దెనిమిది నిండాక మొదలు, యాభై తొమ్మిది నిండితే సెలవు.

మరియమ్మ: సెలవు ఉపవాసానికి. మాంసం మానడం పద్నాలుగు నిండితే మొదలు, దానికి రిటైర్మెంటు లేదు. అది సరే, మరియమాత పటం వెనక మ్రానికొమ్మల ఆదివారం, అదే ఈస్టర్ ముందటి ఆదివారం నాటి ఈతాకు సిలువలు పెట్టాను. కాల్చి నుదుట పెట్టే విభూదికి గుళ్లో ఇవ్వాలి. ఏవీ?

జోజి: దుమ్ము పట్టాయని కడిగి అక్కడే పెట్టా.

మరియమ్మ: కడిగారా! తడాకు కాలదండీ, పొగే. సగం కాలి గోధుమరంగు పీచు మిగులుతుంది, అది నుదుటికి అంటదు. వేళ్లతో నలిపితే పెళపెళమని విరగాలి. ఇనప మూకుట్లో నల్లగా కాల్చి, చల్లార్చి, నూరి, పల్చటి గుడ్డలో జల్లించాలి. బుట్టెడు ఆకు కాలిస్తే గుప్పెడు బూడిద.

జోజి: దాన్ని నీళ్లతో ముద్ద చేస్తే సరి.

మరియమ్మ: ఆ పని మాత్రం చేయకండి! బూడిదలో నీళ్లు పోస్తే క్షారమవుద్ది, జనానికి నుదుళ్లు బొబ్బలెక్కుతాయి. అంటుకోవాలంటే నూనె చుక్క చాలు.

జోజి: సరేగానీ, ఇటు చూడు. మార్చి 19, నా పేరు పండగ. శుక్రవారం.

మరియమ్మ: తపస్కాలంలో శుక్రవారం. పప్పుచారు.

జోజి: (గొంతు సవరించుకుని) జోజప్ప గారిది, అదే మరియమాత భర్త యోసేపు గారిది, మహోత్సవం. మహోత్సవం పడిన శుక్రవారం మాంసం మానక్కర్లేదు. తిరుసభ చట్టం, 1251.

మరియమ్మ: ఉపవాసం వయసు తప్ప ఏదీ గుర్తుండదనుకున్నా, నంబరుతో సహా కంఠతా పెట్టారే! నిజమేలెండి. స్మరణ, పండగ, మహోత్సవం, మూడు మెట్లు. పై మెట్టుకే ఆ వెసులుబాటు. కానీ ఎగరకండి, 2023లో ఇదే 19 ఆదివారం పడింది. తపస్కాలపు ఆదివారం ముందు జోజప్ప గారైనా తప్పుకోవాల్సిందే. 20కి జరిగారు.

జోజి: ఈసారి జరగలేదుగా, బిర్యానీ! మరి 25న మంగళవార్త మహోత్సవం, మరియమ్మకి దేవదూత యేసు పుడతాడని చెప్పిన రోజు. ఇంకో బిర్యానీ.

మరియమ్మ: 25 ఈస్టర్ ముందటి పవిత్ర గురువారమండీ. పవిత్ర వారంలో పడితే ఆ పండగ ఆగాలి. ఈస్టర్ తర్వాత ఎనిమిది రోజులూ ఈస్టరే. అవి కూడా గడిచాక సోమవారం, ఏప్రిల్ 5. 2024లోనూ ఇంతేగా, ఏప్రిల్ 8న చేశాం.

జోజి: మంగళవార్త నుంచి తొమ్మిది నెలలకి క్రిస్మస్ కదా? అయితే క్రిస్మస్ జనవరి 5కా?

మరియమ్మ: (నెత్తి కొట్టుకుని) జరిగేది పూజండీ, కాన్పు కాదు! ముందు దిగండి. ...ఆగండాగండి. ఫిబ్రవరి 14 కింద పెన్సిలుతో ‘బి’ ఏంటి? 21న కూడా? 28నా?

జోజి: అదా... బిషప్పు గారి రాక.

మరియమ్మ: మార్చి 7, 14, చివరికి మ్రానికొమ్మల ఆదివారం కూడా! వరసగా ఆరు ఆదివారాలు, మనింటికే?

జోజి: ఆయనకి మన వీధంటే ఇష్టమే... స్టూలు వదిలేశావేంటి? పట్టుకోవే! మరియమ్మా!