వేట నిషేధం గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన వేట నిషేధం గారికి,

నమస్కారం. ఏటా ఏప్రిల్ 15న వచ్చి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా కాపలా కాసే మీకు విశాఖ దగ్గరి మత్స్యకారుల ఊరు మంగమారిపేట నుంచి రాస్తున్నాను. గుడ్లు పెట్టే కాలంలో చేపల జోలికి ఎవరూ పోకూడదని మీ పట్టుదల. ఒకప్పుడు మీ గడువు 47 రోజులే. అది చాలదని 2015లో 61కి పెంచారు. చేపల అదృష్టం.

నా నిశ్చితార్థం చెడిన సంగతి మీకు తెలియకపోవచ్చు. విశాఖలో మా గాజువాకలో మాత్రం తెలియనివారు లేరు. పంతులుగారు లగ్నపత్రిక రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టి, అందరికీ వినపడేలా చదివారు. తరువాత అబ్బాయి తరఫువారు ఫోను చేసి ‘రాసిపెట్టి లేదండీ’ అన్నారు. అంతే. వాళ్లు పెట్టిన చీర తిరిగి పంపిన మర్నాడే మా పెద్దత్త కొత్త వల విసిరింది: ‘ఒక్కడే కొడుకు, సొంత ఇల్లు, కాస్త కోపం ఎక్కువట, అంతే!’ పూర్వం మూఢమో ఆషాఢమో వస్తే కాస్త ఊపిరాడేది. ఇప్పుడు ‘ముహూర్తం లేకపోతే ఏం, మాట్లాడుకోవచ్చు కదా’ అంటున్నారు. నాది కంప్యూటర్ ముందు చేసే ఉద్యోగం కాబట్టి, బట్టలు సర్దుకుని భీమిలి బస్సెక్కి వచ్చి ఇక్కడ గది తీసుకున్నాను.

ఇక్కడ ఇప్పుడు మీ రాజ్యమే. పడవలు ఇసుక మీదికి ఎక్కాయి. నీడపట్టున కూర్చుని మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. వలను కాలి బొటనవేలికి తగిలించి బిగించి, తెగిన చోట పాత దారం కోసేసి, కొత్తదానితో ఒక్కొక్క ముడీ వేస్తారు. ఎలా తెగింది, తప్పెవరిది అని ఎవరూ ఆరా తీయరు. ఇంటావిడ మాత్రం అద్దె మాట్లాడుతూనే ‘మా అన్న కొడుకు ఒకడున్నాడమ్మా’ అంది. మీ అధికారం నీళ్లలోనే గాని ఊళ్లో చెల్లదని అప్పుడర్థమయింది.

కనుక దయచేసి గట్టెక్కి రండి. పెళ్లి చెడిన ఇంటికి 61 రోజులపాటు ఫోటోలు, జాతకాలు, ‘బుద్ధిమంతుడు’ అనే మాట నిషేధించండి. ఉల్లంఘిస్తే పడవలు పట్టుకున్నట్టే ఫోన్లు పట్టుకోండి. ఈ గడువులో మత్స్యకారులకు ఇచ్చే భృతిని 2025లో రూ.20,000 చేశారు. పెళ్లిళ్ల పేరయ్యలకూ అంతే ఇప్పించండి, పాపం, వాళ్ల పొయ్యీ వెలగాలి. మా పెద్దత్తకు అక్కరలేదు. ఆవిడది వృత్తి కాదు, వ్యసనం. మోటారు లేని తెప్పలకు మీరిచ్చే మినహాయింపు మా అమ్మమ్మకు ఇవ్వండి. ఆవిడ ఎంత వెతికినా మా వీధి దాటలేదు.

ఒక్క సందేహం. మీరు అటు వెళ్లగానే పడవలన్నీ ఒక్కసారిగా సముద్రం మీద పడతాయి. నా విషయంలోనూ అంతేనా? అయితే గడువు పొడిగింపు దరఖాస్తు ఎవరికివ్వాలో ఇప్పుడే చెప్పండి.

ఇట్లు,
మంగమారిపేటలో అద్దెకుంటున్న ఒక విశాఖ అమ్మాయి