సవరణ: రోలో, రాగ్నర్ అన్నదమ్ములు కారు

మొన్న వైకింగుల (స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చి దోపిడీలు చేసినవాళ్లు) గురించి రాసిన పోస్టులో, రోలో అనే వైకింగు నాయకుడు తన అన్న రాగ్నర్‌కి వెన్నుపోటు పొడిచి ఫ్రాంకుల (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలినవాళ్లు) రాజుతో చేతులు కలిపాడని రాశాను. అది తప్పు. అసలు వాళ్లు అన్నదమ్ములే కారు. టీవీ సీరియల్లో చూసిన చుట్టరికాన్ని చరిత్ర అనుకుని రాసేశాను, పొరపాటు నాదే.

మధ్యయుగ చరిత్ర చదివిన ఒక ఫ్రెండ్ చెప్పాక ఆ కాలపు ఫ్రాంకుల రికార్డుల గురించి చూశాను. రోలో నిజంగా ఉన్న మనిషే. 911 ప్రాంతంలో రాజు మూడో చార్లెస్ అతనికి సేన్ నది దిగువన భూములిచ్చాడు, రాజ్యాన్ని కాపాడటానికే ఇచ్చినట్టు 918 నాటి శాసనంలో ఉంది, అంటే దొంగ చేతికే తాళాలిచ్చినట్టు. ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న నార్మండీ ప్రాంతం అలా మొదలైంది. రాగ్నర్ విషయంలో మాత్రం చరిత్ర ఎంతో, కథ ఎంతో పండితులే తేల్చలేదు. 845లో పారిస్ మీద పడిన రెజిన్‌హెరస్ అనే నాయకుడే అతను అనుకున్నా, అప్పటికీ 911కీ మధ్య 66 ఏళ్లు!

అన్నదమ్ముల ద్రోహమే కావాలంటే నార్వే రాజు ఎరిక్ ఉన్నాడు, ‘రక్తపు గొడ్డలి’ అని పేరు. సింహాసనం కోసం తోబుట్టువుల్ని చంపాడనీ, చివరికి ఇంగ్లండ్‌లో పెరిగిన చిన్న తమ్ముడు హాకోన్ తిరిగొచ్చాక దేశం వదిలిపోయాడనీ ఐస్‌లాండ్ సాగాలు (పాత వీరగాథలు) చెబుతాయి. అవీ దాదాపు 300 ఏళ్ల తర్వాత రాసినవే.

పాత పోస్టులో రోలో పేరా తీసేశాను. కుటుంబ కక్షలు, హత్యకు కట్టే పరిహారం గురించి రాసిన భాగం అలాగే ఉంది.