గూడ్సే కదా అనేవాళ్లందరికీ

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా ఇది రాస్తున్నాను.

సాయంత్రం చెన్నై శివార్లలోని ఎన్నూరు స్టేషన్‌లో, ఎప్పట్లాగే గూడ్స్ బండ్ల వివరాలు రిజిస్టరులో రాసుకుంటూ ఉన్నాను. బొగ్గు నింపిన బాక్స్‌ఎన్ (పైకప్పు లేని వ్యాగన్ల) రేకు, అంటే వ్యాగన్లన్నీ కలిసిన బండి, ఒకటి మనిషి నడిచేంత వేగంతో ప్లాట్‌ఫామ్ పక్క నుంచి వెళ్తోంది. ఇలాంటి అదృష్టం రోజూ పట్టదు. మామూలుగా గూడ్స్ దూసుకుపోతుంటే ఇంజిన్ నంబరు, అది ఏ షెడ్డుకి చెందిందో ఆ పేరు, వ్యాగన్ల లెక్క, టైము, ఇంతే రాసుకోగలం. ఇంత నెమ్మదిగా వెళ్తే ఒక్కో వ్యాగన్ మీదున్న నంబరు పూర్తిగా రాయొచ్చు. రాస్తున్నాను. సగం రేకు దాటింది. అప్పుడు ఒకాయన వీడియో కాల్ మాట్లాడుకుంటూ వచ్చి సరిగ్గా నా ముందు నిలబడ్డాడు. ప్లాట్‌ఫామ్ అంతా ఖాళీ! కొంచెం పక్కకు జరగండి సార్ అని తమిళంలో అడిగాను. వినిపించుకోలేదు. మళ్లీ అడిగాను. వెనక్కి తిరిగి నా రిజిస్టరులోని తెలుగు అక్షరాలు చూసి, శుభ్రమైన తెలుగులో, "గూడ్సే కదా మేడమ్, ఇంకోటి వస్తుందిలెండి" అన్నాడు.

ఇంకోటి వస్తుంది. కానీ ఆ రేకు రాదు. ఆ వ్యాగన్లే అదే వరసలో, అదే ఇంజిన్ వెనక, అదే సరుకుతో మళ్లీ నా కళ్ల ముందుకు ఎప్పుడొస్తాయి? ఆయన జరిగేసరికి ఆఖరున ఉండే గార్డు పెట్టె, బ్రేక్ వ్యాన్ కూడా దాటిపోయింది. నా పేజీలో సగం నుంచి పెద్ద ఖాళీ.

నన్ను చాలాకాలంగా చదువుతున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. కొత్తవాళ్లకు చెప్తాను, ఆ నంబరు ఊరికే రాసిన అంకెలు కాదు. మొత్తం పదకొండు అంకెలు. మొదటి రెండు వ్యాగన్ ఏ రకమో చెప్తాయి. తర్వాతి రెండు ఏ రైల్వేదో చెప్తాయి, 06 అంటే దక్షిణ రైల్వే, 09 అంటే దక్షిణ మధ్య రైల్వే. ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం. తర్వాత నాలుగు ఆ వ్యాగన్ సొంత నంబరు. చివరిది తనిఖీ అంకె. సరి స్థానాల్లో ఉన్న అంకెలన్నీ కూడి మూడుతో గుణించాలి, బేసి స్థానాల్లో ఉన్నవి కూడి దానికి కలపాలి. వచ్చిన మొత్తం తర్వాతి పదికి చేరడానికి ఎంత తక్కువైతే అదే ఆఖరి అంకె. అంటే నేను తొందరలో 3ని 8గా చదివితే ఇంటికొచ్చి లెక్క వేసుకున్నప్పుడు దొరికిపోతుంది. నేను లెక్కల ట్యూషన్లు చెప్పుకునే మనిషిని. ఇంత చక్కని లెక్క రోజూ మన ఇళ్ల పక్క నుంచే వెళ్తుంటే, దాన్ని చూడటం పనిలేని పని అంటారా?

అంటారు. "వేర వేలై ఇల్లైయా మా?" అని తమిళంలో అడుగుతారు, "నీకేం పని లేదా తల్లీ" అని తెలుగులో అడుగుతారు. మొత్తానికి అడగడం మాత్రం మానరు. ఆడది చేతిలో రిజిస్టరు పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే ఎవరి కోసమో ఎదురుచూస్తోందనుకుంటారు. లేదంటే ఎవరికో సమాచారం పంపుతోందనుకుంటారు. టికెట్ కొనుక్కునే నిలబడతాను, పట్టాల మీదికి దిగను, కంచె దాటను. అయినా సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనే. అదే బల్ల మీద కూర్చుని గంటల తరబడి ఫోన్‌లో క్రికెట్ చూసే మగవాణ్ణి ఒక్కరూ అడగరు. ముప్పై ఏళ్ల కిందటి మ్యాచ్‌లో ఎవరు ఎన్ని పరుగులు చేశారో గుర్తుంటే అతనికి జ్ఞాపకశక్తి. ఎర్రబడిన డబ్ల్యూఏజీ-5 రకం గూడ్స్ ఇంజిన్ ఏ షెడ్డుదో నాకు గుర్తుంటే అది పిచ్చి.

ఇక లోకల్ ట్రైన్ లేటయినప్పుడు వినాలి ఈ జనం మాటలు. గుమ్మిడిపూండి లోకల్ పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, "ఈ దరిద్రపు గూడ్సుల వల్లే" అని మొదలు. అసలు ఏ లూప్ లైన్‌లోనైనా (వేరే బండికి దారివ్వడానికి మెయిన్ లైన్ పక్కన ఉండే లైన్) చూడండి, ఆగి ఉండేది ఎవరు? గూడ్సే. ఎక్స్‌ప్రెస్ పోవాలని ఆగుతుంది, లోకల్ పోవాలని ఆగుతుంది, దాని వెనక వచ్చిన ఇంకో ఎక్స్‌ప్రెస్ కోసం మళ్లీ ఆగుతుంది. అత్తిపట్టు దాటితే గుమ్మిడిపూండి వైపు ఉన్నవి రెండే లైన్లు. వాటి మీదే లోకల్స్, హౌరా వైపు ఎక్స్‌ప్రెస్‌లు, విజయవాడ వైపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ అన్నీ తిరగాలి. ఉత్తరాదిలో సరుకు కోసం విడిగా కారిడార్లు కట్టారు, తూర్పుది 1,337 కిలోమీటర్లు, పడమటిది 1,506 కిలోమీటర్లు. మనకేం కట్టారు? దక్షిణాదికి అలాంటిది ఒక్కటీ లేదు, ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు కాగితం మీద ఉంది. తిట్టాలంటే ఆ లోటుని తిట్టండి. లూప్‌లో గంటల కొద్దీ నిలబడ్డ బండిని తిడతారెందుకు?

ఆ బండిలో మనుషులున్నారన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు. చాలా గూడ్స్ ఇంజిన్లలో మరుగుదొడ్డి లేదు. ఎండాకాలం ఎన్నూరు ఎండలో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఆ ఇనుప గదిలో కూర్చుని సిగ్నల్ కోసం చూస్తుంటారు. ఆడవాళ్లు లోకో పైలట్లుగా వస్తున్నారు, వాళ్ల సంగతి ఆలోచించండి. వెనక బ్రేక్ వ్యాన్‌లో గార్డు ఒక్కడే. 2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. పేరు మారినంత తొందరగా ఆ పెట్టె మారలేదు. నేను చెయ్యి ఊపితే వాళ్లు పచ్చ జెండా కొంచెం పైకెత్తి తిరిగి పలకరిస్తారు. ఈ ఊళ్లో నేను రాసుకునే పనిని గౌరవించేది వాళ్లే.

మీ టికెట్ డబ్బు ఎవరు కడుతున్నారో తెలుసా? రిజర్వేషన్ టికెట్ మీద రైల్వే వాళ్లే అచ్చేశారు, ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే మీ దగ్గర వసూలవుతోందని. మిగతాది ఆకాశం నుంచి రాలిందా? రైల్వే ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు సరుకు రవాణాదే. ఏడాదికి 160 కోట్ల టన్నులకు పైగా మోస్తున్నాయి ఈ దరిద్రపు గూడ్సులు. ఒక్క బాక్స్‌ఎన్ రేకులో యాభై ఎనిమిదో యాభై తొమ్మిదో వ్యాగన్లుంటాయి. దాదాపు నాలుగు వేల టన్నుల బొగ్గు. ఎన్నూరు రేవులో దిగిన బొగ్గు మేట్టూరు థర్మల్ కేంద్రానికి వెళ్లేది ఇలాంటి రేకుల్లోనే. ఆయన వీడియో కాల్ మాట్లాడిన ఫోన్‌కి చార్జింగ్ ఎక్కడి నుంచి వచ్చింది మరి!

2019 మర్చిపోయారా? చెన్నైలో బిందె నీళ్ల కోసం కొట్టుకున్న ఏడాది. జూలైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి యాభై ట్యాంక్ వ్యాగన్లతో రైలు వచ్చింది, ఒక్కో విడతకు 25 లక్షల లీటర్ల నీళ్లు. ఆ రోజు దానికి అరటి ఆకులూ పూలదండలూ కట్టారు. టీవీల వాళ్లు వెంటపడ్డారు. గూడ్సే కదా అని ఆ రోజు ఒక్కరన్నారా? 2021 మే నెలలో ఆక్సిజన్ ట్యాంకర్లు ఎక్కించుకుని తండయార్‌పేటకి వచ్చింది ఏ బండి? వందే భారతా? గొంతు ఎండినప్పుడు, ఊపిరి ఆగినప్పుడు గూడ్స్ కావాలి. కరువు తీరాక అది మీ లోకల్‌కి అడ్డం.

దీని మీద నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే ఉంది. 2024 అక్టోబరు 11 రాత్రి కవరైపేటలో బాగ్మతి ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి వెళ్లి అక్కడ ఆగి ఉన్న గూడ్స్‌ని వెనక నుంచి గుద్దింది. మా లైనే అది. ప్రాణాలు పోలేదు, దేవుడి దయ. మర్నాడు మా బంధువుల్లో ఒక బాబాయి ఫోన్ చేసి, "గూడ్సు అడ్డంగా పెట్టుకున్నారటమ్మా, అందుకే" అన్నారు. అడ్డంగా! దానికి చూపించిన లైన్‌లో అది బుద్ధిగా ఆగి ఉంది. అంతకు ముందు ఏడాది జూన్ 2న బహనగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ గుద్దింది కూడా లూప్‌లో ఆగి ఉన్న ఇనుప ఖనిజం గూడ్స్‌నే. కోరమండల్ చెన్నైకి రావాల్సిన బండి. 290 మందికి పైగా పోయారు. అప్పుడూ మా వీధిలో ఇదే మాట, గూడ్సు అక్కడెందుకుంది అని. ఇంకెక్కడుండాలి? మెయిన్ లైన్‌కి వెళ్లాల్సిన బండి లూప్‌లోకి ఎలా వెళ్లిందని అడగాలి. ఆగి ఉన్నదాని మీద నెపం వేయడానికి నోరెలా వస్తుంది? మాట్లాడదు కదా, అందుకే.

అన్నట్టు ఎన్‌ఎమ్‌జీ రేకుల గురించి ఎవరైనా అడిగితే ఎంత సంతోషిస్తానో. కిటికీలు మూసేసిన పాత పెట్టెలతో వెళ్తుంటుంది చూడండి, లోపల కొత్త కార్లు. అవి ఒకప్పుడు మనం ఎక్కిన ప్రయాణికుల పెట్టెలే. ఇక్కడే పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పుట్టినవి కూడా అందులో ఎన్నో ఉంటాయి. మనుషుల్ని మోసి మోసి వయసైపోయాక కిటికీలకు ఇనుప రేకులు వేసి, చివర తలుపులు పెట్టి, కార్లు ఎక్కించి పంపుతున్నారు. దగ్గరగా చూస్తే కొన్నిటి మీద పాత కిటికీల గుర్తులు ఇంకా కనిపిస్తాయి. నెల్లూరు వెళ్లడానికి నేను చిన్నప్పుడు ఎక్కిన పెట్టె కూడా అందులో ఉందేమోనని ప్రతిసారీ చూస్తాను. దీన్ని పనిలేని పని అనేవాళ్లకు నేనేం చెప్పాలి?

ప్యాసింజర్ రైలు ఎక్కడుందో చెప్పడానికి ఫోన్‌లో ఎన్ని యాప్‌లో. గూడ్స్ రాకపోకలన్నీ రైల్వే వాళ్ల ఎఫ్‌ఓఐఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఉంటాయి కానీ మనలాంటివాళ్లు తెరిచి చూసుకునేలా ఉండవు. డబ్ల్యూఏజీ-5లు 1984 నుంచి తయారయ్యాయి, ఇప్పుడు ఒక్కొక్కటే తుక్కుకి పోతున్నాయి. ఏ ఇంజిన్ ఏ సాయంత్రం తిరువొత్తియూరు మీదుగా ఏ సరుకు లాక్కెళ్లిందో మామూలు మనుషుల్లో ఎవరు రాసి పెట్టారు? నాలాంటివాళ్లు. చేత్తో, రూళ్ల రిజిస్టర్లలో.

ఆ రిజిస్టర్లకి ఏమైందో చెప్పకుండా ఈ పోస్ట్ ముగించలేను. ఆ ఎన్నూరు పెద్దమనిషి మీద సగం కోపం నిజానికి ఇక్కడి నుంచి వచ్చిందే. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చింది. నేను ఊళ్లో లేను, మా అమ్మకి ఒంట్లో బాగోలేకపోతే గూడూరు వెళ్లాను. పండగకి ఇల్లు సర్దుతూ అటక మీద నుంచి నా పాత రిజిస్టర్లు తీసి భోగి మంటలో వేసింది. అన్నీ! విల్లివాక్కంలో ఎండలో నిలబడి నీళ్ల రైలు వ్యాగన్ నంబర్లు ఒక్కొక్కటీ రాసుకున్న రిజిస్టరు అందులోనే ఉంది. తిరిగొచ్చి అడిగితే, "భోగికి పాతవి వేయాలి కదా వదినా, పాత లెక్కల పుస్తకాలనుకున్నా" అంది. అట్ట మీద పెద్ద అక్షరాలతో గూడ్స్ అని, ఏ సంవత్సరమో కూడా రాసి ఉంది. మా ఆయన పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు. పండగ పూట గొడవెందుకు అన్నారు. నా చీర ఒక్కటి పొరపాటున ఆ మంటలో పడి ఉంటే ఇల్లంతా క్షమాపణ చెప్పేది, కొత్త చీర వచ్చేది. రిజిస్టర్లకు ఒక్కరూ అయ్యో అనలేదు. ఆ నంబర్లు ఇప్పుడు ఎవరు తెచ్చిస్తారు? ఆ ట్యాంకులు ఎక్కడెక్కడికి వెళ్లిపోయాయో!

అదే ఆడపడుచు పోయిన వారం ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయికి స్కూల్లో రవాణా మీద ప్రాజెక్టట. "వదినా, నీ దగ్గర గూడ్స్ బండ్ల వివరాలు ఉంటాయి కదా, కొంచెం ఫొటోలు తీసి పంపవూ" అని ఎంత తీయగా అడిగిందో. పంపలేదు. పిల్లాణ్ణి ఆదివారం నా దగ్గరికి పంపమన్నాను. వాడికి బాక్స్‌ఎన్ ఏదో, ట్యాంకుల బీటీపీఎన్ ఏదో చూపిస్తాను, తనిఖీ అంకె లెక్క నేర్పిస్తాను, కొత్త రిజిస్టరు కొనిస్తాను. వాళ్లమ్మకి మాత్రం నా అటక తాళం చెవి ఎక్కడుందో ఈ జన్మలో తెలియనివ్వను.