ఐదు పడినాయ్ మామా

రెండు రోజుల్నుంచి పాల ప్యాకెట్టుకి కూడా వెనక సందులోంచి చుట్టు తిరిగి పోతున్నా. ఎదురింటి వరండా దాటి పోవాలంటే మొహం చెల్లడం లేదు. దీనికి కారకుడు నార్వే దేశస్థుడొకాయన. పేరు ఓలే గున్నార్ సోల్షార్, 2021 అక్టోబరు నాటికి ఇంగ్లండులోని మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు మేనేజరు. ఆయనెక్కడ, నెల్లూరు వేదాయపాళెం ఎక్కడ అంటారా? నేనూ అదే అనుకుంటూ ఉండా.

మొన్న ఆదివారం, 2021 అక్టోబరు 24. రాత్రి ఏడున్నరకి దుబాయ్‌లో ఇండియా, పాకిస్తాన్ టీ20 ప్రపంచకప్ మ్యాచ్. తొమ్మిదింటికి మాంచెస్టర్ వాళ్ళ సొంత గ్రౌండు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఊరంతా మొదటిదానికి కూర్చుంటే నేను రెండోదానికి కూర్చున్నా. చెన్నైలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక మలయాళీ రూమ్మేటు అంటించిన జబ్బిది. వాడిప్పుడు దుబాయ్‌లో ఉండాడు. ఆ రాత్రి స్టేడియంలో కూర్చుని క్రికెట్టే చూశాడంట. అంటించినోడికి తగ్గిపోయింది, నాకు మిగిలింది.

ఎదురింటి మామ (చుట్టమేం కాదు, వీధి మొత్తానికీ మామే, బ్యాంకులో చేసి రిటైరైనాడు) పెద్ద టీవీని వరండాలోకి లాగి వీధికంతా చూపిస్తుండాడు. పోకపోతే బాగుండదని పోయి, ఆఖరి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను, ఒంటి మీద రొనాల్డో ఏడో నంబరు ఎర్ర చొక్కా. మామ ఎగాదిగా చూసి, ఛాతీ మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"టీమ్... వ్యూయరా? అంటే టీమును చూస్తా కూర్చునేవాళ్ళనా?"

స్పాన్సర్ పేరు మామా అన్నా. గంట తిరక్కముందే ఆయన మాటే నిజమైంది. గ్రౌండులో మావాళ్ళు పదకొండు మందీ చేసిందదే.

ఐదో నిమిషంలో లివర్‌పూల్ కీటా గోలు కొట్టాడు, పదమూడులో జోటా, ముప్పై ఎనిమిదిలో సలా, హాఫ్ టైముకి ముందు మళ్ళీ సలా. నాలుగు. మా ముందు వరసోళ్ళు బంతి లాక్కోవడానికి ఎగబడతారు, వెనక వరసోళ్ళు వెనకే ఉంటారు, ఆ రెంటికీ మధ్య ఎండాకాలంలో పెన్నా వంతెన కింద ఉన్నంత ఖాళీ. ఆ ఇసుకలో లివర్‌పూల్ వాళ్ళు సాయంత్రం షికారుకి వచ్చినట్టు తిరుగుతుండారు. మేనేజరు గీత బయట నిలబడి ఉండాడు. కోపం లేదు, కంగారు లేదు, పెళ్ళికొచ్చి భోజనాల పిలుపు కోసం చూస్తున్న దూరపు బంధువు మొహం.

ఆయన్ని తిట్టడానికి కూడా నోరు రాదు, అదీ మా బాధ. 1999 మే 26న బార్సిలోనాలో, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మా జట్టుకి ఆడుతూ, ఇంజురీ టైములో జర్మనీ జట్టు బయెర్న్ మీద ఆఖరి గోలు కొట్టి కప్పు తెచ్చినోడు ఆయనే. ఆ ఒక్క గోలు అప్పు ఇప్పటిదాకా తీరుస్తూనే ఉండాం. 2018 డిసెంబరు నుంచి కుర్చీలో ఉండాడు, ఒక్క కప్పు లేదు. ఈ ఏడాది అదే మే 26న యూరోపా లీగ్ ఫైనల్ పెనాల్టీల్లో పోగొట్టాడు. వడ్డీ కూడా తేదీ తప్పకుండా వసూలు చేసుకుంటుండాడు.

అటు టీవీలోనూ గొప్పగా ఏం లేదు. రోహిత్ మొదటి బంతికే పోయినాడు, కోహ్లీ ఒక్కడే నిలబడి 57 కొడితే మొత్తం 151. పాకిస్తాన్ వాళ్ళు దిగారు, ఒక్క వికెట్టూ పడలేదు. వరండాలో గుసగుసలు మొదలైనాయి. అంతలో నాలుగు చినుకులు. చినుకు నేల తాకిందో లేదో కరెంటు పోయింది. మా ఏరియాలో కరెంటు తీగలకీ మబ్బుకీ ఏదో పాత ఒప్పందం ఉంది. కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే ఎంగేజ్. అక్కడోళ్ళు కూడా రిసీవర్ తీసి పక్కన పెట్టి మ్యాచ్ చూసుకుంటుండారని నా అనుమానం. వాళ్ళకి మాత్రం కరెంటు ఉంటుంది.

వీధి వీధంతా ఒక్కసారిగా ఫోన్లు తీసింది. ఒక్క ఫోన్లోనూ బొమ్మ రావడం లేదు, గుండ్రంగా తిరుగుతా ఉంది. నాది మాత్రం, నా ఖర్మ, అద్దంలా వస్తా ఉంది. యాభయ్యో నిమిషం. హెండర్సన్ బంతిని వంకరగా తోశాడు, సలా ఒక్కడే పోయినాడు, ఎదురు ఎవడూ లేడు. ఐదు.

చీకట్లో నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. మామ చెవి అటే ఉంది.

"అబ్బయ్యా, నీకొస్తా ఉందా?"

"వస్తా ఉంది మామా."

"ఎన్ని పడినాయ్?"

ఇక్కడ కాస్త ఆగాలి. మన భాషలో ఈ 'పడు' అనే మాట ఉంది చూశారూ, దీని మీద నాకు పెద్ద ఫిర్యాదు ఉంది. చినుకు పడుతుంది, పిడుగు పడుతుంది, మంచు పడుతుంది. వికెట్టు పడుతుంది, గోలూ పడుతుంది. జీతం కూడా పడుతుంది, ఒకటో తారీకున పడాల్సింది మా ఆఫీసులో పదో తారీకున పడుతుంది. ఇన్నింటికీ ఒకే మాట సరిపెట్టిన పెద్దలు, ఏదో ఒకరోజు ఇవన్నీ ఒకే వరండాలో కలుస్తాయని ఆలోచించలేదు. ఎన్ని గోల్స్ అని మామ అడగడు, ఆయన లెక్కలో అసలా ఆటే లేదు. ఆ క్షణానికి నా లెక్కలో క్రికెట్టూ లేదు. ఒకరి మాట ఒకరికి ఇంత చక్కగా అర్థమవడం మా ఇద్దరి మధ్యా అదే మొదలు.

"ఐదు మామా. ఐదు పడినాయ్."

"ఐదా!"

"ఐదు. అయిపోయింది. ఇంక లేవరు."

నా గొంతు వణికింది. దాన్నాయన సంతోషం అనుకున్నాడు.

"ఎవురికి పడినాయ్?"

"ఒక్కడికే మూడు మామా. హ్యాట్రిక్కు."

"ఎవురూ?"

"మహమ్మద్..."

సలా అన్నమాట నా గొంతు దాకా వచ్చింది. అది బయటికొచ్చే లోపల వరండా వరండా "షమీ!" అని లేచి నిలబడింది.

కరెంటు పోయి పట్టుమని పది నిమిషాలు కాలేదు. అప్పటిదాకా ఒక్కటీ పడని వికెట్లు పది నిమిషాల్లో ఐదెట్లా పడతాయని ఒక్కడన్నా ఆలోచించాలా వద్దా? మామ ముప్పై ఏళ్ళు వడ్డీ లెక్కలు వేసినోడు. ఆయనా ఆలోచించలేదు. ప్రపంచకప్పుల్లో పాకిస్తాన్ మీద పన్నెండుకి పన్నెండు గెలిచి ఉండాం, పదమూడోది పోతుందని నమ్మడానికి ఎవరికీ మనసు రాలేదు. మనసు రాని చోట లెక్క పనిచెయ్యదు. పైగా మేడ మీదనుంచి ఒక పెద్దాయన, "నేను ముందే చెప్పినా, మంచు పడినాక షమీని ఆపలేరని" అంటుండాడు. ఆ మాట ఆయన ముందు అన్నట్టు ఎవరికీ గుర్తులేదు, అయినా అందరూ అవునన్నారు. వార్త వరండా దిగి, ఇస్త్రీ బండి దాటి, వీధి చివరికి పోయింది. వీధి చివర్నుంచి తిరిగొచ్చేసరికి ఆరైంది. "ఇంకోటి పడిందంట!" అని మామ నాకే చెప్పాడు.

నేను గుండె పట్టుకుని ఫోన్ చూశా. ఐదే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నా. అప్పుడన్నా నాకు వెలగాల.

వెలిగింది, కానీ ఆలస్యంగా. ఇయర్‌ఫోన్ పీకి, "మామా, అది..." అని నోరు తెరిచా. తెరిచిన నోట్లో అత్త మలై కాజా పెట్టింది. "చల్లని మాట చెప్పినావు, నోరు తీపి చేసుకో నాయనా" అని, ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాతో చీకట్లో తడుముకుంటా వచ్చి మరీ పెట్టింది. మా నెల్లూరు మలై కాజా తిన్నోళ్ళకి తెలుసు, అది మామూలు కాజా కాదు. లోపల మెత్తగా కోవా, చుట్టూ పాకం. కొరికితే పాకం గడ్డం మీదికి కారుతుంది, కొరక్కుండా ఉంచుకుంటే దవడ కదలదు. మలై కాజా నోట్లో ఉన్నోడు ఏ భాషలోనూ నిజం చెప్పలేడు. నేను చెయ్యి ఊపుతుండా, కాదు కాదు అని. సిగ్గుపడుతుండాడు అబ్బయ్య, ఇంకోటి పెట్టు అన్నాడు మామ.

రెండో కాజా.

అటు ఫోన్లో ఓల్డ్ ట్రాఫర్డ్ జనం కుర్చీల్లోంచి లేచి పోతుండారు. వాళ్ళకి పోవడానికి గేట్లన్నా ఉన్నాయి. స్టాండులో మా పాత మేనేజరు ఫెర్గూసన్ మొహం చూపిస్తుండారు, ఆయన మొహం చూస్తే ఎవరికైనా కన్నీళ్ళు ఆగవు. నాకూ ఆగలేదు. నోటినిండా పాకం, కళ్ళనిండా నీళ్ళు. అత్త చూసి, "దేశమంటే ఎంత ప్రేమో పిలకాయకి" అనింది.

ఈలోపల మామ మనవడు అటక మీదినుంచి వెయ్యి వాలా దించాడు. పైవారం దీపావళికి దాచింది. అది వీధి మధ్యన పాములా పరిచి, ఆ చివర అంటించేశాడు. ఆ చప్పుడులో నేను కాజా మింగి, "మామా, అది క్రికెట్ కాదు, ఫుట్‌బాలు" అని రెండుసార్లు అరిచా. "అవును, ఫుట్‌బాల్ ఆడుకుంటుండారు వాళ్ళని!" అని మామ కూడా అరిచాడు. సరం పేలుతుండగానే మావాళ్ళ పోగ్బాకి ఎర్ర కార్డు. హాఫ్ టైముకి దిగినోడు, పావుగంటకే పోయినాడు. ఆ మేనేజరు ఆశ పెట్టుకుని దించిన మనిషి.

కరెంటొచ్చింది.

టీవీ తెలివొచ్చి, ఒక్క క్షణం నీలంగా ఉండి, స్కోరు చూపించింది. పాకిస్తాన్ పక్కన అన్ని పరుగులు, వికెట్ల దగ్గర సున్నా. వీధిలో సరం ఆఖరి నాలుగు టపాకాయలు, ఒక్కొక్కటే, తీరిగ్గా పేలాయి. టప్. టప్. ఎవరూ ఏం మాట్లాడలేదు. టప్. అత్త డబ్బా మూత పెట్టింది. టప్.

తర్వాతి అరగంట నేను రాయను. పదికి పది వికెట్లూ ఉంచుకుని పాకిస్తాన్ గెలిచింది, మాది ఐదు సున్నా దగ్గరే ఆగింది. ఇద్దరికీ ఓదార్పు లేదు. పై వీధి పిలకాయలు రెండు బండ్ల మీదొచ్చి, "మనోళ్ళు ఓడిపోతుంటే టపాకాయలు పేల్చినోడు ఎవుడు?" అన్నారు. వరండాలో ఎన్ని చేతులున్నాయో అన్నీ నా వైపే చూపించాయి. ఎర్ర చొక్కా వేసుకుని, గడ్డం మీద పాకంతో, పన్నెండు మంది మధ్య నిలబడి, లివర్‌పూల్ అంటే ఏంటో మొదట్నుంచి చెప్పాల్సొచ్చింది. అంతా విని మామ అడిగాడు.

"మేనేజరంటే లెక్కలు చూసేవోడా?"

"కాదు మామా. ఎవురాడాలో, ఎట్లా ఆడాలో చెప్పేది ఆయనే."

"మరి ఐదు పడేదాకా ఏం చేస్తుండాడు?"

"నిలబడి చూస్తుండాడు."

"మా బ్యాంకులో అయితే తెల్లారేసరికి ఉదయగిరికి ట్రాన్స్‌ఫర్ కొట్టుండేవాళ్ళు."

రెండు రోజుల్నుంచి ఇంగ్లండు వాళ్ళ విశ్లేషణలు చూస్తుండా. ఇంత సూటిగా ఒక్కడూ చెప్పలేదు. ఇంతా జరిగి క్లబ్బు వాళ్ళు ఆ ఓలేని తియ్యలేదు. ఇంకో మ్యాచ్ చూస్తారంట. మంచోడంట. మంచోడైతే మాత్రం ఆ మంచితనం నెల్లూరు దాకా ఎందుకు రావాల? షమీనైతే తెల్లారేసరికి ఫోన్లలో అనరాని మాటలన్నారు. మా వీధిలో ఆ పది నిమిషాలు ఆయన దేవుడు, నేను పూజారిని. అది ఎక్కడా రాయరు.

ఆ రాత్రి అందరూ లేచి పోయినాక మామ మనవడు మాత్రం మెట్ల మీద కూర్చుని, కాలిపోయిన కాగితాల వైపు చూస్తా ఏడుస్తుండాడు. ఊరుకోబెట్టడానికి నోరు జారా. "ఏడవబాకురా, ఆ ఓలేని పీకేసిన రోజు నీకు ఇట్లాంటిదే ఇంకో సరం నేను కొనిస్తా" అన్నా.

వాడికి ఎనిమిదేళ్ళు. ఫుట్‌బాల్ తెలీదు, మాంచెస్టర్ తెలీదు. ఓలే అనే పేరు మాత్రం నోటికొచ్చేసింది. పొద్దున బడికి పోయేటప్పుడొకసారి, సాయంత్రం వచ్చేటప్పుడొకసారి గేటు పట్టుకుని ఊగుతా అడుగుతుండాడు. ఇది రాస్తుండగా మళ్ళీ వచ్చాడు.

"అన్నా, పీకినారా?"

ఇంకా లేదురా.